పాత ఛాయాచిత్రాల ద్వారా పూర్వీకుల సైనిక సేవను గుర్తించడం

కుటుంబాలలో భద్రపరచిన ఛాయాచిత్రాలలోని యూనిఫారం, చిహ్నాలు, పతకాల ఆధారంగా ఒక పూర్వీకుడు ఏ యుద్ధంలో, ఏ దళంలో పనిచేశాడో తెలుసుకొనే పద్ధతి ఇది. రెండవ ప్రపంచ యుద్ధంలో (1939–45) 25 లక్షలకు పైగా భారతీయులు సైన్యంలో పనిచేశారు. వీరిలో తెలుగువారు కూడా ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామం సైనికుల ఊరుగా ప్రసిద్ధి చెందినది.

'''చిత్రంలోని ఆధారాలు'''

* టోపీ బిళ్ళ, భుజంపై గల లోహపు అక్షరాలు: రెజిమెంటును తెలుపుతాయి.
* చేతిపై పట్టీలు: హోదాను తెలుపుతాయి.
* ఛాతీపై రిబ్బన్లు: యుద్ధరంగాన్ని సూచిస్తాయి. ఆఫ్రికా స్టార్ ప్రధానంగా ఉత్తర ఆఫ్రికాకు, బర్మా స్టార్ బర్మా రంగానికి చెందినవి. నలుపు తెలుపు చిత్రంలో రంగులు కనబడవు కనుక చారల అమరికను గమనించాలి.
* వెనుకవైపు స్టూడియో ముద్ర: బెంగుళూరు ముద్ర ఉన్నచో, అక్కడ కేంద్రం గల మద్రాసు శాపర్స్ దళాన్ని పరిశీలించవచ్చును.

'''ఇతర ఆధారాలు'''

ఆ యుద్ధంలో భారత సైనికులకు ఇచ్చిన స్టార్ పతకాల వెనుక సాధారణంగా పేరు, సైనిక సంఖ్య చెక్కబడి ఉంటాయి. మరణించినవారి వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలలో లభిస్తాయి. మయన్మార్‌లోని తౌక్యాన్ శ్మశానవాటికలో గల రంగూన్ స్మారకంపై, సమాధి తెలియని సుమారు 27,000 మంది పేర్లున్నాయి. ప్రాణాలతో తిరిగివచ్చినవారు ఈ జాబితాలలో ఉండరు.

'''పరిమితులు'''

ఒక్క ఛాయాచిత్రం తుది రుజువు కాదు. సైనికుడు తరువాత వేరొక దళానికి మారి ఉండవచ్చును. కావున పెన్షను కాగితాలు, ఉత్తరాలు, పెద్దల జ్ఞాపకాలతో సరిపోల్చిన తరువాతే నిర్ధారణకు రావాలి. పెద్దలు జీవించి ఉండగానే చిత్రం వెనుక పేరు, ఊరు వ్రాసి ఉంచడం అవసరం.