ఇంటి వెలకు ఇంటి బొమ్మ

ఒకనాటి ఉదయము బడంగ్‌పేటలోని ఒక కాలనీలో మేము చూచిన చిన్న దృశ్యముతో ఈ ప్రసంగము ప్రారంభించెదము. స్కూటరు దిగిన ఒక యువకుడు ఒక ఇంటి యెదుట నిలిచి, ముందు గేటును, పిదప గేటు ప్రక్కనున్న ఇంటి నెంబరును, అటుపిమ్మట వీధిని ఇటునుండి అటును, అటునుండి ఇటును ఫొటోలు తీసికొనెను. గడపలో బియ్యము చెరుగుచున్న ముసలమ్మ కొంతసేపు చూచి, “కొనేది నువ్వు కాదు కద బిడ్డా, మరి గిన్ని బొమ్మలెందుకు?” అని యడిగినది. “చూడవలసినవాళ్లు ఇక్కడికి రాలేరమ్మా, అందుకు” అని యతడు బదులు చెప్పెను. అతడు ఆ ప్రాంతపు రియల్ ఎస్టేటు ఏజెంటు. ఇల్లు అమ్మకమునకు లేదు. ఆ యింటి ధరపై అభిప్రాయము వ్రాసి యిమ్మని మాత్రమే అతనిని కోరియుండిరి.

ముసలమ్మ ప్రశ్న చిన్నదే యైనను, దాని వెనుక పెద్ద చరిత్ర యున్నది. ఒక యింటికి వెల కట్టుటకు ఆ యింటి బొమ్మ యెప్పటినుండి కావలసివచ్చినది? వెల యనగా లెక్క. బొమ్మ యనగా చూపు. ఈ రెండును ఎట్లు జతపడినవి?

బడంగ్‌పేట మొన్నమొన్నటి వరకు పల్లెయే. సరూర్‌నగర్ వైపునుండి బాలాపూర్, అల్మాస్‌గూడ, గుర్రంగూడ, నాదర్‌గుల్ దాక వ్యాపించిన చెలకలును, చెరువులును, రాతిగుట్టలును గల సీమ యది. అట్టి పల్లెలో ఇంటికి వెల కట్టుటకు నలుగురు పెద్దమనుష్యులు రచ్చబండపై కూర్చున్న చాలును. ఏ గోడ యెప్పుడు పెట్టినారో, ఏ దూలమునకు చెద పట్టినదో, ఏ బావిలో వేసవిని నీరు నిలుచునో వారికందరికిని తెలిసినదే. తెలిసినవారికి బొమ్మతో పనియేమి? దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటి నగరము తూర్పునకును దక్షిణమునకును పెరిగినకొలది చెలకలు ప్లాట్లయినవి, ఎకరములు గజములైనవి. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ దాక వచ్చినది. 2019లో బడంగ్‌పేట నగరపాలక సంస్థ యైనది. 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనమైనది. ఈ నడుమ అక్కడ ఇల్లు కట్టినవారిలో పెక్కుమంది నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మము జిల్లాలనుండియు, కోస్తానుండియు వచ్చినవారు. ఇరుగుపొరుగు కొత్త. అప్పిచ్చు బ్యాంకు అధికారి యెక్కడనో కూర్చుండును. రచ్చబండ లేదు. దాని స్థానమున ఫొటో వచ్చినది.

ఫొటోకు పూర్వము మనవారు మాటలతోనే బొమ్మ కట్టిరి. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో దానమిచ్చిన భూమికి ఎల్లలు చెప్పునపుడు సంస్కృతము నడుమ తెలుగు మాటలు దొరలును. రాజప్రశస్తి సంస్కృతములో సాగవచ్చును గాని, ఆ చెట్టు, ఈ గుంట, ఆ పుట్ట అని హద్దు చూపుటకు ఊరివారి మాటయే కావలెను. నేటి విక్రయ దస్తావేజు చివర తూర్పు, పడమర, ఉత్తరము, దక్షిణము అని వ్రాయు నాలుగు హద్దులు ఆ సంప్రదాయమునకు వారసులే. అయితే ఇందొక లోపము కలదు. హద్దులు స్థలమెంత దూరము పోవునో చెప్పును గాని, ఆ స్థలముపై నిలిచినది పూరిపాకయో, మిద్దెయో, మేడయో చెప్పవు. ఇంటి చుట్టును గీత గీచి ఇంటిని వదలిపెట్టినట్లుండును.

మన హైదరాబాదున ఛాయాచిత్రకళకు పేరు తెచ్చిన రాజా దీనదయాళ్ జీవితమున ఈ విషయమునకు తగిన విశేష మొకటి కలదు. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు కొలువున చేరినది అంచనాలు కట్టువానిగను, నక్షాలు గీయువానిగను. కట్టడమునకు ఎంత ఖర్చగునో లెక్కవేయుట ఆయన తొలి వృత్తి, ఫొటో తీయుట తరువాత పట్టిన విద్య. పిదప ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున ఛాయాచిత్రకారుడై, సికిందరాబాదున స్టూడియో పెట్టి, రాజభవనములను, దర్బారులను చిత్రించెను. ఆ చిత్రములు వెల కట్టుటకు తీసినవి కావు, వైభవము చాటుటకు తీసినవి. ఐనను కట్టడమునకు ఎదురుగా ఏ కోణమున నిలిచిన దాని నిడివి, ఎత్తు, అంతస్తులు ఒక్క చూపున తెలియునో ఆ అంచనాదారు కన్నునకు తెలిసియుండెననియే మా తలంపు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినది. వేలాది మంది మరణించిరి, ఇండ్లు నేలమట్టమయినవి. పడిపోయిన యింటికి వెల చెప్పుట యెట్లు? ఉన్నపుడు లిఖింపని దానిని లేనపుడు కొలువలేము. వరద తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడినది. ఆ సంవత్సరములలోనే లియోనార్డ్ మన్ అను ఇంజనీరు పర్యవేక్షణమున నగరము ఇల్లిల్లును కొలిచి పటములు గీసిరి. మన్ పటములని నేటికిని చరిత్రకారులు ఆదరముతో విప్పి చూచుకొనునవి యవియే. అంతకు చాలముందే స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఇట్టి అభివృద్ధి సంస్థయే ఇరుకు సందులను కూల్చుటకు పూర్వము థామస్ అన్నన్ అను ఛాయాచిత్రకారునిచేత 1868 నుండి వాటిని ఫొటోలు తీయించినది. అచ్చట పోవుచున్న దానిని బొమ్మగా నిలిపిరి, ఇచ్చట మిగిలిన దానిని గీతగా నిలిపిరి.

వెల కొరకే, అదియును ప్రతి యింటికిని, ఫొటో తీయించిన మహాప్రయత్నము మాత్రము న్యూయార్కు నగరమునది. 1939 మొదలు 1941 వరకు ఆ నగర పన్నుల శాఖ, నిరుద్యోగులకు పని కల్పించు సమాఖ్య ప్రభుత్వ సంస్థతో కలిసి, అయిదు విభాగములందలి ప్రతి కట్టడమును చిత్రింపజేసినది. 7 లక్షలకు మించిన చిత్రములు! ఒకడు కెమేరా పట్టును, ఇంకొకడు ఆ స్థలపు బ్లాకు, లాటు నెంబర్లు గల పలకను చిత్రములో కనబడునట్లు నిలుపును. ఆకాశహర్మ్యమైనను, కోళ్ల గూడువంటి కొట్టమైనను మర్యాద ఒక్కటే. ఒకే వీధిలో ఒకే తీరునున్న రెండిండ్లకు రెండు రకముల పన్ను పడినచో, అధికారి బల్లముందు రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. వెలకు బొమ్మ యెందుకన్న ప్రశ్నకు మొదటి సమాధానము ఇచ్చటనే దొరకుచున్నది. బొమ్మ వెలను చెప్పదు, రెండు వెలలను పోల్చుకొననిచ్చును.

రెండవ సమాధానము కూడ అమెరికానుండియే. 1980లలో అచ్చటి పొదుపు, గృహఋణ సంస్థలు పెక్కు దివాలా తీసెను. మదింపులు నమ్మదగినట్లు లేకపోవుటయు అందుకొక కారణమని తేలగా, 1989లో చేసిన చట్టము అర్హతపత్రము గల మదింపుదారులను తప్పనిసరి చేసినది. అట్టివారి నివేదికకు ఖర్చు ఎక్కువ, కాలమెక్కువ. కావున చట్టము నిర్బంధింపని పనులకు బ్యాంకులు స్థానిక ఏజెంట్ల ధర అభిప్రాయముతో సరిపెట్టుకొనసాగెను. 2008 ప్రాంతమున గృహఋణములు కుప్పకూలి, లెక్కలేనన్ని యిండ్లు బ్యాంకుల పాలయినపుడు ఈ పద్ధతి మిక్కిలిగా పెరిగినది. పెక్కు సందర్భములలో ఏజెంటు ఇంటిలో అడుగైన పెట్టడు. వీధినుండియే చూచి, ముందు భాగమును, ఇంటి నెంబరును, వీధిని చిత్రించి, ఇటీవల ఆ చుట్టుప్రక్కల అమ్ముడుపోయిన ఇండ్లతో పోల్చి, ఒక అంకె వ్రాయును. ఆ ఫొటో ఇంటికి సాక్ష్యము కాదు సుమా! అతడు నిజముగా ఆ వీధికి పోయినాడనుటకు సాక్ష్యము. బల్లవద్ద కూర్చుండి అంకె వ్రాసినవానిని, ఎండలో నిలిచి వ్రాసినవానిని వేరుపరచునది ఆ చిత్రమొక్కటే.

ఇక మన శాసనముల కథ. రిజిస్ట్రేషను చట్టము కూడ, విచిత్రముగా, ఆ వరద వచ్చిన 1908 నాటిదే. దస్తావేజులో వెల తగ్గించి వ్రాయు అలవాటును అరికట్టుటకు ఆంధ్రప్రదేశ్ 1971లో స్టాంపు చట్టమునకు 47-ఏ సెక్షనును చేర్చినది. దానికి 1975లో నియమములు వచ్చెను. ఆ నియమముల ననుసరించి ఇల్లు అమ్మువాడు పైకప్పు ఏ రకము, ఇల్లు కట్టి యెన్నేండ్లయినది, విస్తీర్ణమెంత, అద్దె యెంత, పన్నెంత అని వేరొక పత్రమున వ్రాసియిచ్చును. చూచితిరా, ఇది మాటలతో తీసిన ఫొటోయే! సబ్ రిజిస్ట్రారు ఆ యింటిని చూడలేదు, ఆ పత్రమునందు చూచును. కాని సిమెంటు స్లాబును రేకులని వ్రాసినవాని నోరు పట్టుకొనుట యెట్లు? 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చెను. 2001లో పార్లమెంటు చేసిన సవరణతో అమ్మువాని, కొనువాని ఫొటోలు, వ్రేలిముద్రలు దస్తావేజునకెక్కెను. మనుష్యుల ముఖములు ముందు వచ్చినవి, ఇంటి ముఖము జతపరచు వాడుక వెనుక వచ్చినది.

బ్యాంకు ఋణమునకు నేడు తాము నియమించుకొన్న మదింపుదారు నివేదిక కావలెను. ఆ మదింపుదారు సైతము ఆ వీధిలో గజము ఎంత పలుకుచున్నదో స్థానిక ఏజెంటునే యడుగును. ఏజెంట్ల విషయమున 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము వారు నమోదు చేసికొనవలెనని శాసించినది. బడంగ్‌పేట వంటి చోట ఆ ఏజెంటు తీయు నాలుగైదు ఫొటోలలో ఏమేమి చదువవచ్చునో చూడుడు. కప్పు స్లాబా, రేకులా? పై అంతస్తునకు స్తంభముల ఇనుపచువ్వలు వదలినారా? ముందు రోడ్డు ఇరువది అడుగులా, నలువదియా? ప్రక్కింటికిని ఈ యింటికిని నడుమ గాలి దూరుచున్నదా? గేటు తూర్పునకా, దక్షిణమునకా? వీధిపోటు ఉన్నదా? ఈ చివరి రెంటిని శాస్త్రమనుటకు మేము ఇష్టపడము గాని, కొనువారు నమ్ముచున్నంతకాలము అవి ధరలో భాగమే. నేటి ఫోన్లు చిత్రము మూలను తారీఖును, అక్షాంశ రేఖాంశములను కూడ ముద్రించును. ఒక యింటిని చూపి వేరొక యింటిపై అప్పు పుచ్చుకొను మోసమునకు ఇది కొంత అడ్డుకట్ట.

అమ్మకపు ప్రకటనకు తీయు ఫొటోయు ఇదియు ఒక్కటి కావు. ప్రకటన ఫొటోలో మామిడి తోరణము, కడిగిన షాబాదు బండలు, సాయంకాలపు వెలుగు. ధర అభిప్రాయపు ఫొటోలో గోడ బీటలు, గేటు త్రుప్పు, ఎదుట పారుచున్న మురుగు. ఒకే ఏజెంటు రెండును తీయవలసివచ్చుటయే ఈ వృత్తిలోని చిక్కు. అమ్మకము తన చేతికే వచ్చునన్న ఆశ యున్నవాడు బీటను తప్పించి కోణము మార్చడా? బ్యాంకులు ఏజెంటు మాటను వినును గాని దానిమీద మాత్రమే నిలువకుండుట మంచిదే.

ఇది బ్యాంకుల గొడవయేనని శ్రోతలు తలంపకుందురు గాక. 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణచేత, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమభాగము వచ్చినది. 2005లో దేశమంతటను ఆ హక్కు ఏర్పడినది. పంపకమున ఇంటిని ముక్కలు చేయలేరు. ఒకరు ఉంచుకొని తక్కినవారికి సొమ్మియ్యవలెను. ఇంటిలోనున్న అన్న “పాతకొంప, పడిపోవుచున్నది” అనును. అత్తవారింటనున్న చెల్లెలు, డల్లాసులోనున్న తమ్ముడు ఏమెరుగుదురు? అప్పుడు ఏజెంటు అభిప్రాయముతో వచ్చిన ఫొటోలో స్లాబు చెక్కుచెదరలేదని కనబడినచో, ఆ చెల్లెలి భాగమున కొన్ని లక్షలు నిలిచినవన్నమాట. తోబుట్టువుల నడుమ మాటపట్టింపు వచ్చినపుడు మూడవవాని చిత్రమే మెత్తగా మాటాడును.

మరి చిత్రము చెప్పనివి? గోడలోని చెమ్మ, బోరు లోతు, దస్తావేజులోని తగవు. అన్నిటిని మించి, నీరు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదున కురిసిన కుంభవృష్టికి మీర్‌పేట, ఎల్.బి.నగర్ వైపు కాలనీలు అనేకము మునిగినవి. 17వ తేదీ రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు గట్టు తెగి, ఆ నీరు దిగువనున్న పాతబస్తీ పేటలమీద పడినది. ఆ యిండ్లను ఆ యేటి మే నెలలో ఫొటో తీసియున్నచో పొడి గోడలు, నిగనిగలాడు రంగులు కనబడియుండును. ఏ అబద్ధమును చెప్పకయే చిత్రము మోసపుచ్చునట్టి సందర్భమిది. చెరువు శిఖము ఎంతవరకో తెలిసిన పాతకాపు మాట ఇచ్చట ఫొటోకంటె విలువైనది.

బాలాపూరనగానే వినాయకుని లడ్డు స్ఫురించును. 1994లో తొలి వేలమున అది 450 రూపాయలకు పోయినది, 2025లో 35 లక్షలు పలికినది. దానికి ఎవరును ఫొటో తీసి ధర అభిప్రాయము వ్రాయలేదు. పాడువారందరును దానిని ఎదుటనే చూచుచుండిరి.

న్యూయార్కు పన్నుల చిత్రములు నేడు ఆ నగర దస్తావేజుల భాండాగారమున నున్నవి. తాతలనాటి యింటి చిత్రపు ప్రతిని కోరి, వెలయిచ్చి తెప్పించుకొనువారు గలరు. పన్ను ఎంతో వారికక్కరలేదు. గడపలో నిలుచున్నది ఎవరా యని చూచుకొందురు. బడంగ్‌పేటలో ఆనాడు తీసిన చిత్రములో గేటుకు వెనుక, చేటతో కూర్చున్న ముసలమ్మ కూడ పడియుండవలెను.