నామినీ వేరు, వారసుడు వేరు

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం హోసూరులోని మా సంఘం గదికి ఒకావిడ అత్తగారిని వెంటబెట్టుకొని వచ్చారు. భర్త పోయి మూడు నెలలు. ఆయన పేరున బ్యాంకులో ఎనిమిది లక్షల డిపాజిట్ ఉండేది. పెళ్లికి ముందు వేసినది కాబట్టి నామినీగా తమ్ముడి పేరు రాశారు. తరువాత పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. డిపాజిట్ రెన్యువల్ అవుతూ వచ్చింది గాని నామినీ పేరు మారలేదు. బ్యాంకువారు డబ్బు తమ్ముడికి ఇచ్చారు.

"మా మరిది చెడ్డవాడు కాదండీ. అన్నయ్య నా పేరు రాశాడంటే నాకు ఇవ్వాలనే కదా అంటున్నాడు. మాకు ఇక ఏమీ రాదా?" అని ఆవిడ అడిగారు.

ఆ రోజు మేము చెప్పినదే ఇక్కడ రాస్తున్నాము. ఈ సందేహం ఆ ఒక్క ఇంటిది కాదు.

నామినీ అంటే ఎవరు?

ఖాతాదారు పోతే డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో ముందే రాసిపెట్టే పేరు నామినీ. ఆ మనిషికి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. అందువల్ల బ్యాంకు చేసింది తప్పు కాదు. అయితే నామినీ ఆ డబ్బును అందుకునేవాడే గాని, కేవలం ఆ పేరు వల్ల సొంతదారు కాడు. వారసుల వాటా వారికి అప్పజెప్పాలి.

సుప్రీంకోర్టు ఈ మాటను పలుమార్లు చెప్పింది. బీమా సొమ్ము గురించి 1983 డిసెంబరులో సర్బతీ దేవి కేసులో, బ్యాంకు ఖాతా గురించి 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో, కంపెనీ షేర్ల గురించి 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో ఇదే తీర్పు.

మరి వారసులు ఎవరు?

వీలునామా రాయకుండా హిందూ పురుషుడు మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి తరగతి వారసులు. వీరికి సమాన వాటాలు. పెళ్లయి వేరే రాష్ట్రానికి వెళ్లిన కూతురికీ అంతే వాటా. మొదటి తరగతిలో ఒక్కరున్నా అన్నదమ్ములకు ఏమీ రాదు.

పై ఇంటి లెక్క చూడండి. భార్య, ఇద్దరు కూతుళ్లు, తల్లి కలిసి నలుగురు. ఎనిమిది లక్షల్లో తలా రెండు లక్షలు. నామినీగా పేరున్న తమ్ముడికి సొంతంగా వచ్చేది సున్నా.

క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం, ముస్లిం కుటుంబాలకు షరియత్ ప్రకారం వాటాలు వేరుగా ఉంటాయి. యానాంలో ఫ్రెంచి పాలన నాడు ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి వెళ్లిన రెనొన్సా కుటుంబాలకు 1956 చట్టం వర్తించదు.

బీమా, పి.ఎఫ్., ఫ్లాటు

బీమా చట్టాన్ని 2015లో సవరించారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ముపై వారికే హక్కు అని అందులో ఉంది. అయినా ఇతర వారసులు హక్కు కోరితే వారసత్వ చట్టాన్నే చూడాలని కర్ణాటక హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. కాబట్టి పాలసీలో పేరుంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ప్రావిడెంట్ ఫండ్‌లో పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, మళ్లీ రాయాలి. మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీ ఫ్లాటుకు నామినీ అయినవారు తాత్కాలిక సభ్యులు మాత్రమే. అసలు హక్కుదారులు సభ్యులయ్యే వరకే ఆ స్థానం.

ఏ కాగితం ఎక్కడ?

నామినీ లేనప్పుడో, తగాదా వచ్చినప్పుడో వారసులమని చూపే కాగితం అడుగుతారు. తమిళనాడులో వారిసు సర్టిఫికెట్టు, ఒడిశాలో లీగల్ హెయిర్ సర్టిఫికెట్టు తహసీల్దారు ఇస్తారు. కర్ణాటకలో వంశవృక్షానికి నాడకచేరిలో దరఖాస్తు పెట్టాలి. ఇవి కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో చెబుతాయి, ఆస్తి తగాదాను తీర్చవు. బ్యాంకు డబ్బు, షేర్లు, రావలసిన బాకీలకు సివిల్ కోర్టు ఇచ్చేది సక్సెషన్ సర్టిఫికెట్టు. దానితో ఇల్లు, పొలం మారవు.

తెలుగులో వీలునామా చెల్లుతుందా?

చెల్లుతుంది. తరతరాలుగా ఇక్కడ ఉంటున్న మన పెద్దలు ఎక్కువగా అడిగేది ఇదే. ఏ భాషలో రాసినా ఫరవాలేదు. స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. రాసినవారు సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి, ఇద్దరు సాక్షులు దానిని చూసి తామూ సంతకం చేయాలి. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకపోవడం మంచిది.

రిజిస్టర్ చేయడం తప్పనిసరి కాదు. చేయదలిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. సబ్‌రిజిస్ట్రారుకు తెలుగు రాకపోయి, ఆ జిల్లాలో తెలుగు వాడుకలో లేకపోతే, అక్కడి భాషలో సరైన అనువాదమూ, ఒక నకలూ జతచేయాలి. లేకుంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తిప్పి పంపేస్తారు. రిజిస్టర్ చేయకపోయినా అనువాదం రాసి ఉంచండి. తెలుగు చదవడం రాని మన పిల్లలకైనా అది పనికివస్తుంది.

ఇప్పుడు చేయవలసినది

ఆ ఇంటి సంగతి చెప్పాలి కదా. రెండు వారాల తరువాత ఆ మరిది మా గదికి వచ్చి లెక్క విన్నాడు. "అన్నయ్య నాకు ఇచ్చాడనే అనుకున్నానండీ" అన్నాడు. డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాడు. తల్లి తన రెండు లక్షలు మనవరాళ్ల పేరనే వేయించారు. ఆ ఇల్లు కోర్టు మెట్లు ఎక్కలేదు. అందరి ఇళ్లలోనూ ఇలాగే తేలుతుందని మేము చెప్పలేము.

అందుకే ఈ ఆదివారం పెట్టె తెరవండి. పాసుపుస్తకాలు, డిపాజిట్ రశీదులు, పాలసీలు ముందు పెట్టుకుని ఒక్కొక్కదానిలో ఎవరి పేరుందో చూడండి. పోయినవారి పేరుంటే, పెళ్లికి ముందు రాసిన పేరుంటే మార్చండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురిదాకా నామినీలను పెట్టవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. ఎవరికి ఏది చెందాలో మీ మనసులో ఉంటే దానిని వీలునామాలో రాయండి. నామినీ కాలమ్ ఆ పని చేయదు.

తగాదా మొదలైన ఇల్లయితే ఆలస్యం చేయకుండా న్యాయవాదిని కలవండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సహాయం దొరుకుతుంది.