చిల్లికానీ ఎర్రర్ కాయినా? నాణెంలో తప్పు టంకశాలదా, తర్వాత వచ్చిందా?

పొందూరు నుంచి ఇవాళ్టి ఎపిసోడ్. పాత డబ్బా అడుగున మీకో వంకర నాణెం దొరికింది అనుకోండి. అది టంకశాలలోనే అలా పుట్టిందా, బయటికొచ్చాక పాడైందా? మొదటిదైతే ఎర్రర్ కాయిన్, కలెక్టర్లు అడుగుతారు. రెండోదైతే ఉత్త దెబ్బతిన్న నాణెం.

మన ఊళ్లో ఖాదీ నేసేవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. మగ్గం మీద పోగు తప్పితే ఒకలా కనిపిస్తుంది, కట్టాక మేకు తగిలి చిరిగితే ఇంకోలా కనిపిస్తుంది. నాణెమూ అంతే. ముందు అదెలా తయారైందో తెలియాలి.

మన ప్రాంతం ఒకప్పుడు ఉత్తర సర్కారుల్లో ఉండేది. ఇక్కడ చెల్లిన రాగి నాణెం పేరే డబ్బు. ఇప్పుడు మొత్తం సొమ్ముకే ఆ పేరు. పాత డబ్బుల్ని చేత్తో, సుత్తితో కొట్టేవారు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది, అందుకే అక్షరాలు సగమే పడేవి. అది ఎర్రర్ కాదండీ, ఆ పద్ధతే అంత. తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండులో మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాల నుంచి యంత్రం మీద కొట్టిన నాణేలు సర్కారులకి తెప్పించింది. వాటి మీద 1794, 1797 తేదీలుంటాయి, రూపాయికి 48 అని రాసుంటుంది. అలాంటి యంత్రపు నాణెంలో అచ్చు పక్కకి జరిగితే, అప్పుడు ఆగి చూడాలి.

ఇక చిల్లికానీ. 1943 నుంచి 1947 దాకా వచ్చిన పైసాకి మధ్యలో చిల్లు టంకశాలే పెట్టింది. అందులో చిల్లు లేకపోతేనే విశేషం! మిగతా నాణేలకి చిల్లుంటే, మెడలో కట్టుకోడానికి ఎవరో పొడిచారనే ముందు అనుకోండి.

ఇప్పటి నాణేలకి మూడు పరీక్షలు.

ఒకటి, అంచు తెగిన నాణెం. బిళ్ళ కోసేటప్పుడే తెగితే, సరిగ్గా ఎదురు వైపు అంచు కూడా చాలాసార్లు మసగ్గా ఉంటుంది. ఆకురాయితో అరగదీస్తే ఎదురంచు నిక్షేపంలా ఉంటుంది, కోసిన చోట గీతలుంటాయి.

రెండు, కలెక్టర్లు లఖీ అనే నాణెం. కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళ మీద అదే బొమ్మ తిరగబడి, లోపలికి పడుతుంది. రెండు నాణేల్ని వైస్‌లో బిగించి నకిలీ చేస్తే, అసలు బొమ్మ నలిగి, దాని మీదే ఇంకోటి కనిపిస్తుంది.

మూడు, బరువు. పది రూపాయల నాణెం 7.71 గ్రాములు. యాసిడ్‌లో నానబెట్టిన నాణెం బరువు తగ్గుతుంది, బొమ్మంతా అరిగినట్టుంటుంది.

ఇంకో మాట. తేదీ కింద నక్షత్రం హైదరాబాద్ మింట్ గుర్తు. ఏ గుర్తూ లేకపోతే ఎర్రర్ అని మురిసిపోకండి, కోల్‌కతా మింట్ గుర్తే వెయ్యదు.

మీ నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. తన పేరు వాడుకుని పాత నాణేలకి చార్జీలు, కమీషన్లు అడిగేవాళ్లని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. నాణెం తోమకండి, తూకం వెయ్యండి, రెండు వైపులా, అంచూ చూడండి. మళ్ళీ కలుద్దాం.