అమ్మ వీసాకి అడ్డం పడే 1952

అమ్మానాన్నల అమెరికా టూరిస్టు వీసా రిజెక్టయితే మనం ఆఫీసరునో, జాతకాన్నో తిట్టుకుంటాం. అసలు తిరకాసు 1952 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉంది. దాని 214(బి) సెక్షన్ లెక్కలో, చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళు కూడా కాదని రుజువు చేసుకునేదాకా అక్కడే ఉండిపోయే బాపతే! మన దేశానికి ఏడాదికి 100 మందే కోటా ఉన్న రోజులవి. 1965 చట్టంతో ఆ దేశాలవారీ పాత కోటాలు పోయాయి, అనుమానం మాత్రం పోలేదు.

తమాషా ఏంటంటే, 1990లో హెచ్1బి, ఎల్1 వాళ్ళని దీన్నుంచి తప్పించారు. అంటే కొడుకు గ్రీన్‌కార్డుకి అప్లై చేసుకున్నా పర్లేదు; మనవణ్ణి చూసొస్తానన్న అమ్మ మాత్రం తిరిగొస్తానని నమ్మించాలి.

అందుకే కొడుకు అక్కడున్నాడని దాచడం కాదు, అమ్మకి ఇక్కడేం ఉందో చెప్పించండి: ఇల్లు, పొలం, పెన్షను, మనుషులు.