కిన్నెర మోసిన పాటలు

1971లో కోబే నగరంలో దైసుకే ఇనోవే తయారుచేసిన పెట్టె, పాడేవాడి వెనుక వాద్యాన్ని వినిపించి జపాన్‌లో కరోకేకు దారి వేసింది. నాగర్‌కర్నూల్ జిల్లాలో మాత్రం పాటగాడే వాద్యాన్ని భుజాన మోశాడు.

వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తేనెమైనంతో తయారయ్యే కిన్నెర డక్కలి కళాకారులది. మెట్ల మీద వేళ్లు, నోట కథ. పండుగ సాయన్న, మియాసాబ్ గాథలు ఇలాగే పాలమూరు పల్లెల్లో తిరిగాయి. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన వీరుడిగా సాయన్నను జనం గుండెల్లో నిలిపింది ఈ గొంతులే.

లింగాల మండలం అవుసలికుంట వాసి దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు పేరుమోశాడు. 2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలో ఆయన గొంతు మోగింది. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. సినిమా ఆయన్ను ఇంటింటికీ చేర్చింది, నిజమే. అయితే సాయన్న కథంత నిడివి సినిమా పాటలో పట్టదు. కిన్నెర గాథలను మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయించాలి.