బందరు బడి మొదలు ఎదురుమొండి రేవు వరకు

బందరు నోబుల్ దొరగారి పేరు మీలో చాలమంది పెద్దల నోట వినియే యుందురు. రాబర్టు నోబుల్ గారు 1841లో ఈ రేవున దిగి, 1843లో బడి తెరచి, 1865లో మరణించువరకు ఆ పనిలోనే యుండిరి. ఆయన శ్రమను గౌరవింపవలసినదే. అయినను ఒక సంగతి కప్పిపుచ్చరాదు. అంటరానివారని పిలువబడినవారి బిడ్డలకు మొదట ఆ బడిలో చోటు లేదు. వారు వచ్చి కూర్చున్నచో అగ్రవర్ణములవారు లేచిపోవుదురని భయము. ఆ భయము వట్టిదియు కాదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగానే బడి ఖాళీ అయ్యెను గదా! కాని ఆ భయమునకు వెల చెల్లించినవారు మన తాతలు.

తరువాత ఆ గుమ్మము కొంచెము కొంచెముగా తెరువబడెను. షార్కీ దొరసాని బందరులోనే ఆడపిల్లలకు చదువు చెప్పెను. అందరికంటె కడపట మిగిలినది ఎవరు? కన్ను కనబడని, చెవి వినబడని, కాలు నడువని, బుద్ధి నెమ్మదిగా ఎదుగు బిడ్డ. ఆ బిడ్డను రావద్దని ఎవరును అనలేదు. రావలెనని ఎవరికిని తోచలేదు.

అన్నీ షార్ప్ దొరసాని 1887లో అమృతసరులో అంధులకు బడి పెట్టెను గాని, అది దివిసీమ బిడ్డకు అందునదా? ఊరి బడిలోనే తక్కిన పిల్లల ప్రక్కన వీరిని కూర్చుండబెట్టవలెనని కేంద్ర ప్రభుత్వము 1974లో ఒక పథకము పెట్టెను. 1995లో వికలాంగుల చట్టము, 2009లో విద్యాహక్కు చట్టము వచ్చెను. 2016 చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించెను.

చట్టము కాగితము మీద నుండును. దానిని మోసికొని వెళ్లువారు ప్రత్యేక ఉపాధ్యాయులు. బందరు, గుడివాడ పట్టణములలో తల్లి బిడ్డను ఎత్తుకొని ఆటో ఎక్కి భవిత కేంద్రమునకు రాగలదు. దివిసీమ సంగతి వేరు. పులిగడ్డ యొద్ద కృష్ణ రెండు పాయలై, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములను నడుమ ఉంచుకొని సముద్రమున కలియును. ఆ కొసనున్న ఎదురుమొండి వంటి లంకలకు తరతరములుగా పడవయే దారి. చక్రముల కుర్చీ పడవలోనికి ఎక్కవలెను, దిగిన పిమ్మట బురదలో నడువవలెను! కావున బిడ్డ రాలేనప్పుడు ఉపాధ్యాయుడే బిడ్డ యింటికి పోవలెను. అక్కడ మొదటి పాఠము అక్షరము కాదు. గుండీ పెట్టుకొనుట, అన్నము తానే కలుపుకొనుట, గవ్వలతో అయిదువరకు లెక్కించుట. చూపు మందమైనవానికి పెద్ద అక్షరముల పుస్తకము, చెవి వినబడని పిల్లకు సైగల భాష. బడికి పోగలవానిని ముందు బల్లపై కూర్చుండబెట్టుమని అక్కడి మాస్టరుగారిని బ్రతిమాలుటయు ఈ ఉద్యోగములోనిదే. బడికి వాలుబాట కట్టింపుమని అడుగుటయు అంతే. (మన గుళ్లలో ఎన్నిటికి వాలుబాట ఉన్నదో మీరే చూచుకొనుడి.)

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన మీరెరుగనిది కాదు. సుమారు 10,000 మంది పోయిరి. పిమ్మట తీరమున తుఫాను ఆశ్రయములు స్తంభములపై ఎత్తుగా కట్టబడెను. నీరు అందని ఎత్తు మంచిదే, కాని మెట్లెక్కలేని బిడ్డ మాటేమి? ఆపదలో వికలాంగులకు సమానమైన రక్షణ ఉండవలెనని 2016 చట్టము చెప్పుచున్నది. ఏ యింట ఏ బిడ్డ నడువలేడో వ్రాసియున్న ఉపాధ్యాయుని జాబితా అట్టి రాత్రి ప్రాణమునకును పనికివచ్చును.

అయితే ఆ జాబితాలో పేరు చేరవలెనన్నచో, అట్టి బిడ్డ ఉన్నాడని ఇంటివారు ముందు చెప్పవలెను. వచ్చి అడిగినవారికి ఇద్దరే పిల్లలని చెప్పి, మూడవ బిడ్డను వెనుక వసారాలో ఉంచు ఇండ్లు కలవు. అక్క పెండ్లి సంబంధము తప్పిపోవునేమోనని వారి దిగులు. ఉపాధ్యాయుడు ఆ మాట విని, వాదింపక, మంచినీళ్లు త్రాగి, రేవునకు నడచి పడవ ఎక్కును. మరుసటి వారము మరల వచ్చును.