నల్లతెర మీద మాటకారి యంత్రం: కొంత చరిత్ర, కొంత జాగ్రత్త

కంప్యూటర్‌లో నల్లతెర మీద ఆజ్ఞలు టైపు చేసి పని చేయించుకునే పద్ధతిని కమాండ్ లైన్ అంటారు. బొమ్మలూ మౌసూ రాకముందు నుంచీ ఉన్న పద్ధతి. ఈ రెండు మూడేళ్ళలో ఆ నల్లతెరలోకి ఒక సహాయకుడు వచ్చి చేరాడు. "ఈ ఫోల్డర్‌లో ఉన్న కరపత్రాలన్నీ తేదీల వారీగా సర్దు" అని మామూలు మాటల్లో చెబితే చాలు, కావలసిన ఆజ్ఞలు తనే రాసి తనే నడిపిస్తాడు. లోపల ఉన్నది లార్జ్ లాంగ్వేజ్ మోడల్, అంటే పెద్ద భాషా నమూనా.

మా బిర్సానగర్‌లో నా కంప్యూటర్ మీద దీన్ని అమర్చుకుంటున్నానని తెలిసి ఒక మిత్రుడు అడిగాడు. "బాబాల మాట నమ్మొద్దని ఊరంతా తిరిగి చెప్పే హేతువాదులు, ఇప్పుడు యంత్రం మాట నమ్ముతారా?" అని. ఎగతాళికి అడిగినా మంచి ప్రశ్నే. జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు

అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1961 నవంబరులో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒక కొత్త ఏర్పాటు చూపించింది. దాని పేరు సీ.టీ.ఎస్.ఎస్. అంతవరకు ఒక కంప్యూటర్‌ను ఒకసారికి ఒక్కరే వాడేవారు. ఈ ఏర్పాటుతో చాలామంది ఎవరి టైపు యంత్రం ముందు వాళ్ళు కూర్చుని, ఒకే కంప్యూటర్‌ను పంచుకోగలిగారు. వరసగా ఆజ్ఞ టైపు చేయడం, జవాబు రావడం, మళ్ళీ ఆజ్ఞ టైపు చేయడం. అక్కడే పనిచేసిన ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజాన్, పదే పదే చేసే ఆజ్ఞలను ఒక ఫైలులో రాసిపెట్టి ఒక్కసారిగా నడిపించే ప్రోగ్రాం రాశాడు. మనిషి ఆజ్ఞలను అందుకుని యంత్రానికి అందించే పొరకు 'షెల్' అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఈనాటికీ అదే పేరు.

అదే ఎం.ఐ.టి.లో, అదే సీ.టీ.ఎస్.ఎస్. మీద, అవే సంవత్సరాల్లో జోసెఫ్ వైజెన్‌బామ్ మరో ప్రోగ్రాం రాశాడు. దాని పేరు ఎలిజా. 1966 జనవరిలో దాని వివరాలు ప్రచురించాడు. ఎలిజా ఒక మానసిక వైద్యుడిలా మాట్లాడేది. "నాకు మా అమ్మంటే కోపం" అని టైపు చేస్తే, "మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి" అన్నట్టు జవాబిచ్చేది. లోపల ఉన్నది ఏమీ కాదు. మన వాక్యంలో కొన్ని మాటలు వెతికి, వాటిని తిప్పి ప్రశ్నగా మార్చే కొన్ని నియమాలు, అంతే.

ఆ సంగతి వైజెన్‌బామ్ దాచలేదు. అయినా జరిగిందేమిటి? ఆయన నెలల తరబడి ఆ ప్రోగ్రాం రాస్తుంటే దగ్గరుండి చూసిన ఆయన సొంత కార్యదర్శే, దానితో మాట్లాడటం మొదలుపెట్టి, కాసేపటికి "మీరు కొంచెం గదిలోంచి బయటికి వెళ్తారా?" అని ఆయన్ని అడిగింది. గారడీ ఎలా చేస్తారో తెలిసినా గారడీ పనిచేసింది! దిగ్భ్రాంతి చెందిన వైజెన్‌బామ్ 1976లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. నాజీల జర్మనీ నుంచి చిన్నతనంలో తప్పించుకు వచ్చిన మనిషాయన. మనిషి నిర్ణయించాల్సిన వాటిని యంత్రానికి వదిలెయ్యడం ఎంత ప్రమాదమో చివరిదాకా చెబుతూనే ఉన్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. షెల్‌కు ఏమీ అర్థం కాదు గానీ చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తుంది. అర్థమైనట్టు నటించదు. ఒక అక్షరం తప్పు కొడితే "ఆ ఆజ్ఞ నాకు తెలియదు" అంటుంది. ఎలిజాకూ ఏమీ అర్థం కాదు. కానీ అంతా అర్థమైనట్టు మాట్లాడుతుంది. దాని అదృష్టమో మన అదృష్టమో, దానికి చేతులు లేవు. మాట తప్ప పని చెయ్యలేదు. ఒకే ఇంట్లో పుట్టిన ఈ ఇద్దరూ చాలాకాలం వేరువేరుగా పెరిగారు.

కలపాలని చూసినవాళ్ళు

షెల్ వంశం బాగా వర్ధిల్లింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. 1971లో దాని మొదటి మాన్యువల్ వచ్చింది. ఫైళ్ళు చూపించే ఎల్ఎస్, ఫైలు చెరిపేసే ఆర్ఎం లాంటి ఆజ్ఞలు అప్పటినుంచీ ఉన్నవే. నేటి లినక్స్‌లోనూ అవే పేర్లు. ఆర్ఎం గురించి వాడేవాళ్ళకు ఒక భయం ఉంది. అడక్కుండా చెరిపేస్తుంది, చెత్తబుట్టలో కూడా దొరకదు.

ఈ పొడి అక్షరాల ఆజ్ఞలు కొత్తవాళ్ళకు గుర్తుండవు కదా? అందుకే 1980లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ విలెన్‌స్కీ బృందం 'యూనిక్స్ కన్సల్టెంట్' అనే ప్రోగ్రాం తయారుచేసింది. "ఫైలు ఎలా చెరపాలి?" అని ఇంగ్లీషులో అడిగితే "ఆర్ఎం వాడండి" అని ఇంగ్లీషులోనే చెప్పేది. 1984లో దీని మీద వ్యాసం ప్రచురించారు. నేటి సహాయకులకు అసలైన పూర్వీకుడు ఇదే. అయితే దానికి తెలిసిన ప్రతి విషయమూ మనుషులు కూర్చుని చేత్తో ఎక్కించాల్సి వచ్చేది. ఎక్కించనిది దానికి తెలియదు. అందుకే ప్రయోగశాల దాటి రాలేకపోయింది.

ఆ అడ్డంకి తొలగిన కథలో మా జార్ఖండ్‌కీ చిన్న పాత్ర ఉంది. 2017 జూన్‌లో గూగుల్ పరిశోధకులు ఎనిమిది మంది 'అటెన్షన్ ఈజ్ ఆల్ యూ నీడ్' అనే వ్యాసం వెలువరించారు. ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణాన్ని ప్రతిపాదించింది అందులోనే. రచయితల్లో మొదటి పేరు ఆశిష్ వాస్వానీ. (అందరూ సమానంగా పనిచేశారని ఆ వ్యాసంలోనే రాశారు.) ఆయన ఇంజనీరింగ్ చదివింది రాంచీ పక్కన మేస్రాలోని బిర్లా ఇన్‌స్టిట్యూట్‌లో. మా జంషెడ్‌పూర్‌కు అది సుమారు 130 కిలోమీటర్లు.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 2020లో 17,500 కోట్ల పరామితులతో జీపీటీ-3, 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ. 2023 మార్చిలో బల్గేరియా ప్రోగ్రామర్ జార్జి గెర్గనోవ్ రాసిన లామా.సీపీపీతో ఇలాంటి నమూనాలను మామూలు ఇంటి కంప్యూటర్ మీద కూడా నడపడం వీలైంది. 2025లో ఫిబ్రవరిలో క్లాడ్ కోడ్, ఏప్రిల్‌లో కోడెక్స్ సీఎల్ఐ, జూన్‌లో జెమినై సీఎల్ఐ వరసగా నల్లతెర మీదికే వచ్చాయి. షెల్ చేతులు ఎలిజా నోటికి అతికాయి!

ఇల్లు అలకగానే...

ఈ నమూనా లోపల ఏం జరుగుతుంది? "ఇల్లు అలకగానే" అని ఎవరైనా ఆపేస్తే మీ నోటికి "పండగ కాదు" అని వచ్చేస్తుంది. ఆలోచించి చెప్పరు, ఎన్నోసార్లు విన్నారు కాబట్టి వస్తుంది. ఈ నమూనా చేసే ప్రాథమిక పని అదే. కొండంత రాత చదివి, తర్వాత రాదగిన ముక్క ఏదో అంచనా కడుతుంది. పనికొచ్చే జవాబులు ఆశ్చర్యపోయేంతగా వస్తాయి, అందులో సందేహం లేదు. కానీ నిజమైన జవాబూ, నిజంలా వినపడే జవాబూ ఒకే నోటి నుంచి, ఒకే ధీమాతో వస్తాయి.

2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ చెప్పిన తీర్పులను కోర్టు కాగితాల్లో ఉదహరించారు. అలాంటి తీర్పులు అసలు లేనే లేవు. 5,000 డాలర్ల జరిమానా పడింది. ఇది ఎలిజా జబ్బు, నోటి జబ్బు. చేతులు కూడా వస్తే ఏమవుతుందో 2025 జూలైలో తెలిసింది. రెప్లిట్ అనే సంస్థ సహాయకుడు, ఏదీ మార్చవద్దని స్పష్టంగా చెప్పినా, జేసన్ లెమ్‌కిన్ అనే వ్యాపారి డేటాబేస్‌ను చెరిపేసింది. పైగా, పోయినది తిరిగి రాదని చెప్పింది. ఆయన ఆ మాట నమ్మకుండా ప్రయత్నించి చూస్తే తిరిగి వచ్చింది! యంత్రం మాటను ఆప్తవాక్యంగా తీసుకుని ఊరుకుంటే పోయేదే కదా. వేదం చెప్పింది కాబట్టి నిజం అన్నవారిని "శబ్దం ప్రమాణం కాదు" అని చార్వాకులు ఎదుర్కొన్నది ఇలాంటి చోటే.

మాకు ఎందుకింత పట్టింపు?

మేముండే పేటకు పేరిచ్చిన బిర్సా ముండా 1875లో పుట్టి, 1900 జూన్ 9న రాంచీ జైల్లో పాతికేళ్ళు నిండకుండానే చనిపోయాడు. దయ్యాలకు బలులివ్వడం మానండి, తాగుడు మానండి అని తన జనానికి చెప్పిన మనిషి. శత్రువుల తూటాలు నీళ్ళైపోతాయని నమ్మిన అనుచరులు కూడా ఆయనకు ఉన్నారు. తూటాలు నీళ్ళు కాలేదు. 1900 జనవరిలో డోంబారి కొండ మీద జనం చచ్చిపోయారు. నమ్మకానికి చెల్లించే ధర ఎంతుంటుందో మా ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పటికీ ఇక్కడ 'డాయన్' అని ముద్ర వేసి ఆడవాళ్ళను కొడుతున్నారు, చంపుతున్నారు. మన తెలుగు జిల్లాల్లో చేతబడి, బాణామతి పేరుతో జరిగేదే ఇది. మాకు పక్కనే ఉన్న సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాకు చెందిన ఛుట్నీ దేవి 1995లో ఈ ముద్ర పడి చిత్రహింస అనుభవించింది. తర్వాత తనలాంటి వాళ్ళకు అండగా నిలిచింది. 2021లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. బిహార్ 1999లో తెచ్చిన డాయన్ నిరోధక చట్టాన్ని జార్ఖండ్ 2001లో స్వీకరించింది.

ఇలాంటి కేసుల కాగితాలు హిందీలో, ఇంగ్లీషులో, మన తెలుగువాళ్ళు పంపినవి తెలుగులో పోగుపడి ఉంటాయి. సర్దడానికి ఈ సహాయకుడు నిజంగా పనికొస్తాడు. కానీ సెక్షను నంబరు తప్పు పడితే? ఠాణాలో ఆ అర్జీని పక్కన పడేస్తారు, ఆ ఇల్లాలు తిరిగి అదే ఊరికి వెళ్ళాలి. ఆమె పేరూ ఊరూ ఎక్కడో ఎవరి సర్వర్‌లోకో చేరితే? అందుకే ఈ అమరికలో ప్రతి మెట్టూ ఆలోచించి పెట్టాను. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

1. పేర్లున్న కాగితాలకు బయటి కంపెనీ నమూనా వద్దు. ఇంటి కంప్యూటర్ మీదే నడిచేది వాడాలి. 800 కోట్ల పరామితుల నమూనాను కుదిస్తే 5 జీబీ దరిదాపుల్లో సరిపోతుంది. బలహీనమైనదే, కానీ మాట గడప దాటదు.

2. సహాయకుడికి కంప్యూటర్‌లో వేరే వాడుకరి ఖాతా తెరవాలి. ఒక్క ఫోల్డర్ మాత్రమే అప్పగించాలి. అందులో ఉండేవి నకళ్ళే. అసళ్ళు వేరే డిస్కులో ఉండాలి, ఆ డిస్కు ఊడదీసి ఉండాలి.

3. ప్రతి ఆజ్ఞకు ముందు "నడపనా, వద్దా?" అని అడిగే ఏర్పాటు ఉంటుంది. విసుగనిపించి చాలామంది తీసేస్తారు. తీయకండి. ఆజ్ఞ అర్థం కాకపోతే మాన్యువల్ చూశాకే అవును అనండి.

4. బయటి నుంచి వచ్చిన ఫైళ్ళతో జాగ్రత్త. యజమాని చెప్పిన మాట ఏదో, చదువుతున్న ఫైలులో ఉన్న మాట ఏదో దీనికి గట్టిగా తేడా తెలియదు. ఫైలులో ఎవరైనా "ఇవన్నీ చెరిపెయ్" అని రాసిపెడితే, పూనకం వచ్చినట్టు ఆ మాట వినే ప్రమాదముంది. 2022లో సైమన్ విలిసన్ దీనికి 'ప్రాంప్ట్ ఇంజెక్షన్' అని పేరు పెట్టాడు. పూర్తి మందు ఇంతవరకు లేదు.

5. తెలుగులో అడిగేటప్పుడు మరింత జాగ్రత్త. 'తెలుగు' అనే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 6 బైట్లు, మన లిపిలో 18 బైట్లు. నమూనా చదివిన రాతలో తెలుగు వాటా కూడా తక్కువే. చాలా నల్లతెరల మీద మన ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోయి కనపడతాయి కూడా. తెలుగు జవాబును ఫైలులోకి పంపి మామూలు ఎడిటర్‌లో చదువుకోవడం మేలు.

చివరగా పరీక్ష. డాక్టర్ అబ్రహాం కోవూర్ 1963లో అద్భుతశక్తులున్నాయనే వారికి లక్ష రూపాయల సవాలు విసిరాడు. మూసిన కవరులో ఉన్న నోటు నంబరు చెప్పండి చాలు అన్నాడు. మోసానికి వీల్లేని పరీక్ష, జవాబు ముందే తెలిసిన పరీక్ష. సహాయకుడికీ అదే పెట్టాలి. జవాబు మన చేతిలో ఉన్న ప్రశ్నలు పది వెయ్యండి. డాయన్ చట్టం కొద్ది సెక్షన్లే ఉన్న చిన్న చట్టం. "దీని 40వ సెక్షన్ ఏం చెబుతుంది?" అని అడగండి. లేదని చెబితే ఒక మార్కు. వివరంగా వర్ణిస్తే, ఎంత నమ్మవచ్చో మీకు తేలిపోయినట్టే.

కాబట్టి మిత్రుడికి నా జవాబు ఇది. నమ్మను, వాడతాను. రెండూ ఒకటి కావు. డాక్టరు చేతిలో థర్మామీటరు ఉన్నట్టు ఉండాలి గానీ, భక్తుడి మెడలో తాయెత్తు ఉన్నట్టు ఉండకూడదు. తాయెత్తును ఎవరూ పరీక్షించరు, థర్మామీటరును పరీక్షించవచ్చు. మా ఊళ్ళో డాయన్ ముద్ర పడిన ఆడదాన్ని రక్షించగలిగేది కూడా "నువ్వు చెప్పినదానికి రుజువేది?" అన్న ప్రశ్నే. ఓఝాను అడగాల్సిన ఆ ప్రశ్నను, ముందు మన బల్ల మీదున్న యంత్రాన్ని అడగడం అలవాటు చేసుకుందాం.